చలికాలంలో మహేంద్రగిరి ఎక్కేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

డిసెంబరు వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు బళ్లేసుకుని లంబసింగి దారి పడతారు. శ్రీకాకుళం జిల్లా మందసలో నిలబడి తలెత్తితే కనిపించే మహేంద్రగిరికి మాత్రం శివరాత్రి జాతరకి తప్ప పెద్దగా ఎవరూ పోరు. శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాది. కానీ మన ముఖలింగం దగ్గర్నుంచి ఏలిన తూర్పు గాంగుల ఇలవేల్పు గోకర్ణేశ్వరుడు కొలువైంది ఆ కొండ మీదే. చలికాలంలో ఒక్కరోజు నడకకు మన చుట్టుపక్కల ఇంతకు మించిన కొండ లేదని మా లెక్క. వచ్చేవాళ్లకు ఉండే భ్రమలు మాత్రం ఏటా అవే.

అపోహ: పైన మంచు కురుస్తుంది.

కురవదు. ఈ అక్షాంశంలో గాలి సున్నా డిగ్రీలకు చేరాలంటే 4 కిలోమీటర్లకు పైగా ఎత్తుకి పోవాలి, ఈ కొండ ఒకటిన్నర కిలోమీటరే. పైగా మన చలికాలం పొడి కాలం. ఎప్పుడైనా తెల్లవారుజామున గడ్డి మీద తెల్లగా పేరుకున్నది కనిపిస్తే అది పైనుంచి పడింది కాదు. మబ్బులేని రాత్రి గడ్డిపరక తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. దానికి అంటుకున్న తేమ అక్కడే గడ్డకడుతుంది. అదీ కొండ కొమ్ము మీద కంటే కొండల నడుమ పల్లాల్లోనే ఎక్కువ, ఎందుకంటే చల్లగాలి బరువెక్కి కిందికి జారుతుంది. తెల్లారగట్ల కొండల నడుమ లోయ దాని పక్క కొమ్ము కంటే చల్లగా ఉండొచ్చు.

ఇక్కడ ఇబ్బంది పెట్టేది తడి. మోకాలెత్తు గడ్డిలో కాలిబాట పట్టుకుని పావుగంట నడిచారంటే ప్యాంటు తొడల దాకా తడుస్తుంది. ఆ నీరు మేజోళ్ల మీదుగా బూటులోకి దిగుతుంది, నానిన మడమ ఎక్కుడులో రాసుకుని బొబ్బ కడుతుంది. తొమ్మిది గంటల దాకా మంచి మేజోళ్లు బ్యాగులోనే ఉంచండి. పాతవి వేసుకుని గడ్డి దాటేసి, బండ మీద కూర్చుని కాళ్లు తుడుచుకుని అప్పుడు మార్చండి.

అపోహ: చలి కదా, మందపాటి స్వెట్టరు, జర్కిను వేసుకుంటే చాలు.

ఎక్కడం మొదలైన పది నిమిషాలకే చెమట పడుతుంది. కింద మధ్యాహ్నం 28 డిగ్రీలుంటే, వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతూ పోయి, పైన 18, 19 ఉంటుంది. అదేం చలి కాదు. కానీ చెమటతో తడిసిన నూలు బనీను మీద సముద్రం వైపు గాలి కొడితే పళ్లు టకటకలాడతాయి. నీరు ఒంటి వేడిని గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది మరి. జీన్స్ ప్యాంటయితే ఇంకా దారుణం, సాయంత్రానికి కూడా ఆరదు.

ఎక్కేటప్పుడు పల్చటి పాలిస్టర్ టీషర్టు ఒక్కటే వేసుకోండి. బయల్దేరేటప్పుడు కాస్త చలిగా అనిపించాలి, అదే సరైన కొలత. పైకి చేరగానే, ఫోటోల కంటే ముందు, తడి చొక్కా విప్పి తువ్వాలుతో ఒళ్లు తుడుచుకుని పొడి బనీను, దాని మీద ఉన్ని స్వెట్టరు, ఆ పైన విండ్‌చీటరు వేయండి. పొడి బట్టలు పాలిథిన్ కవరులో మూతి ముడేసి పెట్టుకోవాలి. బ్యాగు వాటర్‌ప్రూఫ్ అని కంపెనీ రాసిన మాట నమ్మకండి.

అపోహ: 1,500 మీటర్లే కదా, మధ్యాహ్నం భోజనానికి దిగిపోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువమందిని ముంచేది ఇదే. కొండ ఎత్తు వేరు, మీరు ఎక్కే ఎత్తు వేరు. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠా శిఖరం సుమారు 3,800 మీటర్లంటారు గానీ నడక మొదలయ్యే సాంక్రీయే సుమారు 1,900 మీటర్ల దగ్గరుంది, ఆ తేడాని మూడు రోజుల్లో ఎక్కుతారు. మందస దాదాపు సముద్రమట్టానికి దగ్గరే. అంటే అడుగు నుంచి ఎక్కేవాళ్లు కొండ ఎత్తంతా ఒక్కరోజులో కాళ్లతో కొలవాల్సిందే.

స్కాట్లాండు పర్వతారోహకుడు నెయిస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి అదనంగా ఇంకో గంట. ఉదాహరణకి 8 కిలోమీటర్ల దారిలో 1,000 మీటర్లు ఎక్కాలంటే మూడుంపావు గంటలు. అది అలవాటున్నవాళ్లకి, ఆగకుండా నడిస్తే. మన కాలిబాటలకు, ఆరేడుగురి గుంపుకి దానిమీద మూడో వంతు కలపండి, దాదాపు నాలుగున్నర గంటలు తేలుతుంది. దిగడానికి మూడు, మూడున్నర.

డిసెంబరులో మనకి సూర్యాస్తమయం ఐదుంపావు, ఐదున్నర మధ్య. అయితే శ్రీకాకుళం వైపు దారులు కొండకి తూర్పు, ఆగ్నేయాల్లో ఉంటాయి. సూర్యుడు కొండ వెనక్కి వాలగానే, గడియారంలో ఇంకా పొద్దు ఉన్నా దారి నీడలో పడిపోతుంది. చెట్ల కింద రాయికీ వేరుకీ తేడా తెలియదు. అందుకే పన్నెండు కొట్టేసరికి శిఖరం ఇంకా అరగంటే ఉన్నా వెనక్కి తిరగాలి. ఈ మాట కింద బయల్దేరేటప్పుడే అందరితో ఒప్పించుకోవాలి, పైన ఎవరూ వినరు. మనిషికో హెడ్‌ల్యాంపు తప్పనిసరి. ఫోను లైటు పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది, బ్యాటరీ కూడా పోతుంది.

అపోహ: దారి తప్పితే గెడ్డ (కొండవాగు) వెంట దిగిపో, ఊరొచ్చేస్తుంది.

పెద్దల మాటే గానీ, మైదానానికి చెల్లుతుందేమో, ఇక్కడ చెల్లదు. తూర్పు కనుమల్లో గెడ్డలు పాచి పట్టిన బండల మీదుగా పారి, ఉన్నట్టుండి నిలువుగా జారతాయి. దిగిన బండ మళ్లీ ఎక్కలేరు, ముందుకీ పోలేరు. నీటి హోరులో పిలుపూ వినిపించదు. పొగమంచు కమ్మితే ఉన్నచోట ఆగండి. దారి కనిపించాక, ఖాయంగా తెలిసిన ఆఖరి గుర్తు దాకా వెనక్కి నడవండి. ఎక్కేటప్పుడే ప్రతి చీలిక దగ్గరా వెనక్కి తిరిగి ఓ ఫోటో తీసుకోండి, ఎందుకంటే దిగేటప్పుడు మీకు కనిపించేది ఆ ముఖమే. కింద పొలాల మీద పరుచుకున్న మంచు తొమ్మిది, పది గంటలకి ఎండ తగిలి విడిపోతుంది. శిఖరాన్ని కప్పింది మబ్బు, అది మధ్యాహ్నం కూడా రావచ్చు.

వాతావరణం చూసుకునేటప్పుడు ఇంకోటి. 'మహేంద్రగిరి' అని కొడితే ఇస్రో రాకెట్ ఇంజన్లు పరీక్షించే తమిళనాడు మహేంద్రగిరి ముందొస్తుంది. అక్కడి వాన చూసి ఇక్కడ రెయిన్‌కోటు మోయకండి.

అపోహ: పైన గాలి పల్చన, కర్పూరం వాసన చూస్తూ ఉండాలి.

ఎత్తు వల్ల వచ్చే జబ్బు మామూలుగా 2,500 మీటర్లు దాటాకే. ఇక్కడ ఆయాసం వస్తే వేగం ఎక్కువైందని అర్థం. మాట్లాడుతూ నడవగలిగే వేగానికి తగ్గండి. కర్పూరం ఆక్సిజన్ ఇవ్వదు, పొరపాటున మింగితే విషం.

అపోహ: చలికాలం నీళ్లెందుకు?

దాహం తెలియదంతే. గంటకి అర లీటరు లెక్కన మనిషికి దాదాపు 4 లీటర్లు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. గెడ్డ నీళ్లు తాగాల్సివస్తే క్లోరిన్ బిళ్ల వేసి అరగంట, చల్లటి నీళ్లయితే ఇంకాసేపు ఆగాలి. జాతర రోజుల్లో తప్ప పైన కొట్లుండవు, తిండి మోసుకుపోవాల్సిందే. పులిహోర, చోడి ఉండలు, గుప్పెడు పలాస జీడిపప్పు, బెల్లం ముక్క చాలు. మందు కొడితే వెచ్చగా అనిపించేది చర్మానికి మాత్రమే, లోపలి వేడి బయటికి పోతుంది.

అపోహ: చలికి పాములు బయటికి రావు.

రాత్రుళ్లు తక్కువ తిరుగుతాయి గానీ ఎండెక్కాక బండల మీదికి వస్తాయి, సరిగ్గా మీరు కూర్చోవాలనుకున్న బండ మీదికే. చూడకుండా చెయ్యి పెట్టకండి. కాటు పడితే కొయ్యడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం వద్దు. కాలు కదలకుండా కర్ర కట్టి మోసుకుని దించండి, 108కి ఫోన్ చేయండి. టవరు ఒడిశాదైతే ఫోన్ కాల్ అటు పోవచ్చు, ముందు ఏ రాష్ట్రం వైపు ఉన్నారో చెప్పండి. ఎలుగుబంట్ల సంగతి ఉద్దానం వాళ్లకి మేం చెప్పక్కర్లేదు. చీకటితో జీడితోటల గుండా నడిచేటప్పుడు గట్టిగా మాట్లాడుకుంటూ పోండి.

ఇంటికొచ్చాక కూడా ఒక పనుంది. పొదల్లో ఉండే సన్నటి పురుగులు కుడితే స్క్రబ్ టైఫస్ జ్వరం రావచ్చు, వర్షాలు వెళ్లాక, చలికాలంలో ఎక్కువ. మూడు వారాల్లోపు జ్వరం, తలనొప్పి వస్తే నడుం పట్టీ చుట్టూ, చంకల్లో, గజ్జల్లో సిగరెట్టు కాల్చినట్టు నల్లటి చెక్కుందేమో చూసుకోండి. ఉన్నా లేకున్నా, అడవిలో నడిచామని డాక్టరుకి మీరే చెప్పాలి. ఆయన అడగకపోవచ్చు, మందు మాత్రం మామూలు డాక్సీసైక్లినే.