పడని బండలు చెప్పే భూకంపాల లెక్క

కాలిఫోర్నియా తీరంలోని డయాబ్లో కాన్యన్ అణువిద్యుత్ కేంద్రం గురించి ఎప్పుడు వాదన మొదలైనా చివరికి ఒక ప్రశ్న దగ్గరికే వస్తుంది: అక్కడ నేల ఎంత గట్టిగా ఊగుతుంది? సముద్రం అడుగున, కొద్ది కిలోమీటర్ల దూరంలోనే హోస్‌గ్రీ ఫాల్ట్ (భూకంపాలప్పుడు రాతి పొరలు జరిగే పగులు) ఉందని తెలిసింది కేంద్రం కట్టడం మొదలయ్యాకే. 2008లో షోర్‌లైన్ ఫాల్ట్ బయటపడింది. అది కిలోమీటరు దూరం కూడా లేదు. 2020లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకురాలు అన్నా రూడ్, ఆమె బృందం ఈ వాదనలోకి కొత్త సాక్షులను తెచ్చారు. అవి ఆ తీరంలోనే, ఇప్పుడో ఇంకాసేపట్లోనో పడిపోతాయన్నట్టు నిలబడి ఉన్న చెర్ట్ అనే గట్టి రాతి బండలు.

భూకంప బలాన్ని వస్తువులను చూసి అంచనా వేయడం పాత పద్ధతే. 1857లో నేపుల్స్ రాజ్యంలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఐర్లండ్ ఇంజినీరు రాబర్ట్ మాలెట్ ఊరూరా తిరిగి, పగిలిన గోడలనూ కూలిన స్తంభాలనూ కొలిచాడు. తర్వాత జపాన్‌లో భూకంప శాస్త్రవేత్తలు జాన్ మిల్న్, ఒమోరి ఇటుక స్తంభాలను కావాలనే ఊపి, ఎంత ఊపుకి పడతాయో చూశారు. 1960 చిలీ భూకంపంలో సన్నటి కాళ్ల మీద నిలబడ్డ నీళ్ల ట్యాంకులు కొన్ని పడకుండా ఉండిపోయాయి. 1963లో అమెరికా ఇంజినీరు జార్జ్ హౌస్నర్ దానికి కారణం లెక్కకట్టి చూపించాడు. ఒకే ఆకారంలో ఉన్న రెండు వస్తువుల్లో పెద్దదాన్ని పడగొట్టడమే కష్టం.

1990ల మొదట్లో నెవాడా విశ్వవిద్యాలయం భూకంప శాస్త్రవేత్త జేమ్స్ బ్రూన్ ఈ ప్రశ్ననే తిరగేశాడు. పడినవాటిని చూస్తే ఒక్క భూకంపం సంగతి తెలుస్తుంది. వేల ఏళ్లుగా పడకుండా ఉన్నదాన్ని చూస్తే, అన్నేళ్లలో అక్కడ ఏ స్థాయి ఊపు రాలేదో తెలుస్తుంది. పరికరాలు ఈ మాట చెప్పలేవు, వాటి వయసే తక్కువ. బలమైన ఊపును ఫాల్ట్‌కు దగ్గరలో పరికరం మొదటిసారి నమోదు చేసింది 1933 లాంగ్‌బీచ్ భూకంపంలో. అణు కేంద్రాలకు కావలసిందేమో పది వేల ఏళ్లకు ఒకసారి వచ్చే ఊపు లెక్క.

పక్కకు వంచిన బిందె గురుత్వ కేంద్రం దాని అంచు దాటేదాకా వెనక్కే వస్తుంది, దాటితే పడుతుంది. బండ అయినా అంతే. ఎంత కోణం ఒరిగితే అంచు దాటుతుందో ఫొటోలతో, త్రీడీ నమూనాలతో కొలుస్తారు. కొన్ని బండలను అక్కడికక్కడే నెట్టి, ఎంత బలం కావాలో కూడా చూశారు. ఒక్క కుదుపు బలం తెలిస్తే చాలదు, ఆ కుదుపు ఎంతసేపు ఒకే వైపు తోసిందన్నదీ లెక్కలోకి రావాలి.

అసలు చిక్కు వయసుతో. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు తాకిన క్వార్ట్జ్ ఖనిజంలో బెరీలియం-10 అనే అరుదైన పరమాణువులు పోగవుతాయి కాబట్టి, రాయి ఎన్నాళ్లుగా బయట ఉందో దాన్నిబట్టి చెప్పవచ్చు. కానీ చుట్టూ మట్టి ఉన్నప్పుడు బండ గట్టిగానే నిలుస్తుంది. ఆ మట్టి కొట్టుకుపోయాకే అది ప్రమాదకరంగా మారుతుంది. మనకు కావలసింది ఆ మార్పు జరిగిన కాలం. మట్టిలో ఉండగానే కొన్ని కిరణాలు దాన్ని చేరి ఉంటాయి కాబట్టి వాటి వాటా తీసేయాలి. ఈ పద్ధతి మీద వచ్చిన అభ్యంతరాల్లో నాకు బలంగా అనిపించేది ఇదే.

బండల మాట పెద్దలు పట్టించుకోక తప్పని పరిస్థితి యక్కా మౌంటెన్ దగ్గర వచ్చింది. నెవాడాలోని ఆ కొండలో అణు వ్యర్థాలు పాతిపెట్టాలని అమెరికా అనుకుంది. 1998లో పూర్తయిన అధ్యయనం, ఏడాదికి పది కోట్లలో ఒక వంతు సంభావ్యత దగ్గర గురుత్వ త్వరణానికి పది రెట్లకు పైబడిన ఊపు రావచ్చని తేల్చింది. అంత ఊపు ప్రపంచంలో ఎక్కడా నమోదు కాలేదు. అదే కొండ పక్కన పది వేల ఏళ్లకు పైగా పడకుండా నిలిచిన బండలు ఉన్నాయి. పది కోట్ల ఏళ్ల మాటకు అవి జవాబు చెప్పలేవు, నిజమే. కానీ అదే లెక్క పది వేల ఏళ్లకు ఇచ్చే అంకె ఎక్కువేమోనన్న అనుమానానికి అవి బలమిచ్చాయి.

కాలిఫోర్నియాలోని సాన్ ఆండ్రియాస్, సాన్ హసింటో ఫాల్ట్‌ల దగ్గర కథ ఇంకో మలుపు తిరిగింది. వాటికి పది కిలోమీటర్ల లోపే పడని బండలు కనిపించాయి. మామూలు లెక్కల ప్రకారం అవి ఎప్పుడో పడి ఉండాలి. పరిశోధకులు లీసా గ్రాంట్ లుడ్విగ్, బ్రూన్ తదితరులు 2015లో ఒక వివరణ ఇచ్చారు: భూకంపంలో నేల చీలిక ఒక ఫాల్ట్ నుంచి రెండోదానికి దూకుతూ ఉంటే ఆ చోట ఊపు తగ్గి ఉండవచ్చు. బండకు అది మేలే. కానీ రెండు ఫాల్ట్‌లు కలిసి కదలగలవంటే చుట్టుపక్కల నగరాల వాళ్లకు టెన్షనే.

డయాబ్లో దగ్గరి రాళ్లు సుమారు 21,000 ఏళ్లుగా ఈ స్థితిలో ఉన్నాయని రూడ్ బృందం తేల్చింది. ప్రమాద అంచనాలో ఒక్క లెక్క ఉండదు, రకరకాల ఊహలతో వేసిన అనేక లెక్కలు ఉంటాయి. ఆ రాళ్లను ఈపాటికే పడగొట్టి ఉండాల్సిన లెక్కలను బృందం పక్కన పెట్టింది. పది వేల ఏళ్ల ఊపు అంచనా 27 శాతం, అందులోని అనిశ్చితి 49 శాతం తగ్గాయి.

మన దగ్గర? 1993లో భూకంపానికి మహారాష్ట్రలోని కిల్లారి కూలినప్పుడు ఆ ప్రాంతం అప్పటి మ్యాపులో అతి తక్కువ ప్రమాదమున్న జోన్‌లో ఉంది. 2024 డిసెంబరులో ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించి హైదరాబాద్ దాకా తెలిసింది. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ గుండ్లు కూడా కాలిఫోర్నియాలోని మొజావే ఎడారి బండల్లాగే నేల లోపల రూపు కట్టి, మట్టి కొట్టుకుపోయాక బయటపడ్డవే. వాటి కోసం 1996 నుంచి పోరాడుతున్న సొసైటీ టు సేవ్ రాక్స్ ప్రకృతి, వారసత్వం పేరుతో అడుగుతోంది. భూకంపాల లెక్క కోసం కూడా అడగవచ్చని నాకనిపిస్తుంది. అయితే ఏ గుండు పడితే అది పనికిరాదు. మొదట మనుషుల చెయ్యి పడని గుండ్లేవో వేరు చేయాలి. పక్క క్వారీ పేలుళ్లకు కదిలినవీ, పడిపోతుందేమోనని కింద సిమెంటుతో దిమ్మె కట్టినవీ తీసేయాలి.