కూలి కేసుల గురించి అరుగుల మీద వినిపించే మాటలు: అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో మాది చిన్న ఆఫీసు. ఇద్దరు వకీళ్ళం, కూలి పని చేసే ఇళ్ళ నుంచే వచ్చిన ముగ్గురు కార్యకర్తలు, తరచూ మొరాయించే ఒక స్కూటర్. చీమకుర్తి క్వారీలు, టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగ్ షెడ్లు, నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట రొయ్యల గుంటలు, దారి పొడవునా ఇటుక బట్టీలు. ఎక్కడ కూలి ఎగ్గొట్టినా, ఎవరికి చెయ్యి కాలు పోయినా ఫీజు లేకుండా కేసు చూస్తాం. వాదించి ఓడిపోయినవి కొన్ని ఉన్నాయి, కాదనను. కానీ మా గడప తొక్కకముందే పోయిన కేసులు అంతకు ఎన్నో రెట్లు. ఎవరో తెలిసినట్టు చెప్పిన మాట విని ఊరుకున్నవాళ్ళవి అవన్నీ.

అపోహ: "కాగితం లేదు, ఇంకేం కేసు?"

హాజరు, జీతాల రిజిస్టర్లు రాయాల్సింది యజమాని, మీరు కాదు. కూలి పూర్తిగా ఇచ్చానని రుజువు చేసుకోవాల్సిన భారం కూడా ఆయనదే, వేతనాల కోడ్ అనే కొత్త చట్టంలో ఇది స్పష్టంగానే ఉంది. మరి అక్కడ పనిచేశామని ఎలా చూపాలంటే, మేస్త్రి ఫోన్‌పేలో వేసిన డబ్బు, "రేపు ఆరింటికల్లా రండి" అని వాట్సాప్‌లో పెట్టిన వాయిస్, షెడ్డు ముందు దిగిన ఫొటో, పక్కన పనిచేసిన మనిషి నోటి మాట, ఇవన్నీ సాక్ష్యాలే. గ్రేడింగ్‌కి వెళ్ళే ఒకామె ఇంట్లో గోడకున్న క్యాలెండరే పీకి తెచ్చింది. పనికి వెళ్ళిన తేదీ కింద ఒక చుక్క, పొద్దుపోయేదాకా ఉంచిన రోజు రెండు చుక్కలు. అవతలివాళ్ళు తెచ్చిన రిజిస్టరులో ఇరవై మంది సంతకాలూ ఒకే పెన్ను, ఒకే చేతిరాత! మాకు పెద్దగా నోరు తెరిచే పని పడలేదు. ఫోన్ మార్చేటప్పుడు మాత్రం పాత చాట్లు చెరిపేయకండి, ఎన్నిసార్లు చెప్పినా ఇది ఎవరూ వినరు.

గడువు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పాత చట్టాల్లో కనీస వేతనం తగ్గించి ఇస్తే 6 నెలల్లోపు, జీతం ఆపేస్తే 12 నెలల్లోపు అడగాల్సి వచ్చేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో అది 3 ఏళ్ళు.

అపోహ: "పెద్దమనుషుల్లో రాజీ అయింది, సంతకం పెట్టేశాం"

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. క్వారీలో బండ జారి మనిషి పోతాడు. శవం ఇంకా ఆసుపత్రిలో ఉండగానే పెద్దమనుషులు కూర్చుంటారు. దినం ఖర్చులకని కొంత, ఆపైన ఒకటో రెండో లక్షలు, స్టాంపు పేపరు మీద "ఇకపై మాకు ఎలాంటి క్లెయిమూ లేదు" అని రాసి ఆ ఇల్లాలి చేత వేలిముద్ర వేయిస్తారు. ఆవిడ ఆ కాగితాన్ని చూసి ఏడాదిపాటు భయపడుతూనే ఉంటుంది.

ఆ కాగితం చెల్లదు. పరిహారం హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఏ ఒప్పందానికీ చట్టం దృష్టిలో విలువ లేదు. అంతేకాదు, మనిషి చనిపోయిన కేసులో పరిహారం సొమ్మును యజమాని, ఆ కేసులు చూసే ప్రభుత్వ అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి. నేరుగా ఇంటివాళ్ళ చేతిలో పెట్టింది పరిహారం కింద లెక్కకే రాదు. మూడు నెలల జీతం దాకా అడ్వాన్సుగా ఇస్తే మాత్రం దాన్ని తగ్గించుకోవచ్చు.

ఇక లెక్క చూడండి. 40 ఏళ్ళ మనిషి, నెల జీతం 15,000. అందులో సగం 7,500. ఆ వయసుకు చట్టం పట్టికలో ఇచ్చిన అంకె 184.17. రెండూ గుణిస్తే 13,81,275 రూపాయలు. లక్షా రెండు లక్షలు ఎక్కడ, ఇది ఎక్కడ.

"తాగి ఉన్నాడు", "హెల్మెట్ పెట్టుకోలేదు" అని బెదిరిస్తారు. మనిషి చనిపోయినప్పుడు, లేదా ఇక ఏ పనీ చేయలేని స్థితికి వచ్చినప్పుడు ఆ వాదన పరిహారాన్ని ఆపలేదు. "మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి" అంటారా, అయినా అసలు యజమాని నుంచి అడగొచ్చు, కాంట్రాక్టరు దగ్గర ఆయన రాబట్టుకుంటాడు. రాయి కోసే దుమ్ముకు వచ్చే సిలికోసిస్ కూడా పరిహారం వచ్చే జబ్బుల జాబితాలో ఉంది. దగ్గు రాగానే టీబీ మందులు మింగుతూ కూర్చోకుండా, ఏం పని చేస్తారో డాక్టరుకు చెప్పండి.

అపోహ: "అడ్వాన్సు తీసుకున్నాం, తీరేదాకా కదలకూడదు"

యానాదుల కుటుంబాల్లో ఇది బాగా పాతుకుపోయింది. ఇరవై వేలు తీసుకుని గుంటల కాపలాకు వెళ్తారు, రెండేళ్ళయినా బాకీ అంతే ఉంటుంది, పండక్కి ఊరెళ్ళాలంటే పిల్లాణ్ణి అక్కడ వదిలి వెళ్ళమంటారు. అడ్వాన్సు తీసుకున్న ప్రతి పనీ వెట్టి అనను. కానీ బాకీ చూపించి మనిషిని కదలనివ్వకపోతే అది వెట్టే, 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం ఆ బాకీ రద్దయిపోతుంది. రద్దయిన బాకీ కింద డబ్బు పుచ్చుకున్నవాడికి 3 ఏళ్ళ దాకా జైలు. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయేనని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వెట్టి నుంచి విడుదలైనట్టు పత్రం ఇచ్చేది ఆర్డీవో లేదా సబ్ కలెక్టరు. అది చేతికి రాకుండా రాత్రికి రాత్రి పారిపోయి వస్తే ఆ తర్వాత రావాల్సిన సాయం ఇప్పించడం మాకు తలకు మించిన పని అవుతుంది, అందుకే వీలుంటే ముందు ఒక ఫోన్ చేయించండి.

అపోహ: "లేబర్ ఆఫీసువాళ్ళు మాది కాదన్నారు"

నిజంగానే వాళ్ళది కాకపోవచ్చు. క్వారీ అంటే గని, దాని కూలి విషయాలు కేంద్ర లేబర్ అధికారులవి. అదే రాయిని పాలిష్ పట్టే ఫ్యాక్టరీ అయితే రాష్ట్రం వాళ్ళది. గేటు మారితే ఆఫీసు మారుతుంది.

అపోహ: "ఫ్రీగా చేస్తారంటే చివర్లో వాటా అడుగుతారు"

అడగం. అసలు వచ్చిన డబ్బులో ఇంత శాతం అని మాట్లాడుకోవడం వకీళ్ళకు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషేధం. ఆసుపత్రి దగ్గరే తగులుకుని ముప్పై శాతం అనేవాళ్ళు వేరే జాతి. మా దగ్గరకే రావాలని కూడా లేదు. ఒంగోలు, నెల్లూరు కోర్టుల్లో జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి, ఫోన్ 15100. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయం ఎంతని చూడకుండానే వకీలును ఇస్తారు.

అపోహ: "ఆర్డరు వచ్చిందంటే డబ్బు వచ్చినట్టే"

ఇది మా మీద నమ్మకంతో పుట్టిన అపోహ, పోగొట్టాలంటే మనసొప్పదు. యజమాని కట్టకపోతే భూమి శిస్తు బకాయి లాగా వసూలు చేయమని ఆర్డరు రెవెన్యూ వాళ్ళకు వెళ్తుంది, అక్కడ ఆ ఫైలు ఎన్ని పండగలు చూస్తుందో చెప్పలేం. ఆస్తి ఎక్కడుందో మనమే చూపిస్తే కాస్త కదులుతుంది. అందుకే మొదటి రోజే, కన్నీళ్ళు తుడుచుకుంటున్న మనిషిని కూడా, ఆ యజమాని పేరు మీద ఏమేం ఉన్నాయమ్మా అని అడుగుతాం. లారీ నంబరు తెలిస్తే రాసుకుని రండి.