నవల ముగింపును సీరియల్‌లో మార్చొచ్చా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మాది నల్లగొండ. టీవీ సీరియళ్లకు, ఈమధ్య వెబ్ సిరీస్‌లకు స్క్రీన్‌ప్లే రాస్తుంటాను. అందులో నవలల్ని తెరకు మలిచే పని ఎక్కువ. ఊరికొచ్చి క్లాక్ టవర్ కాడ చాయ్ తాగుతుంటే ఎవరో ఒకరు పట్టుకుంటారు: “నవల్ల గట్ల లేదు గదా అన్నా, ఎందుకు మార్చిండ్రు?” పక్కనున్నాయన దానికి ఉల్టా అందుకుంటాడు: “నవల్ల సచ్చిపోతే టీవీల గూడ సంపాల్నా ఏంది?” ఇద్దరూ ముగింపంటే కథ చివర అతికించే ముక్క అనే అనుకుంటున్నారు. రాసేవాళ్లకు, డబ్బు పెట్టేవాళ్లకు కూడా ఈ భ్రమ తక్కువేం లేదు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ముగింపు ఉంచాలా, మార్చాలా అన్నది క్లైమాక్స్ దగ్గరికొచ్చాక చూసుకోవచ్చు.

అప్పటికి చూసుకోవడానికి ఏమీ మిగలదు. లెక్క వేయండి. 250 పేజీల నవలను పైకి చదివితే ఎనిమిది, పది గంటల్లో అయిపోతుంది. డైలీ సీరియల్‌కు అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోను మిగిలేది 20, 22 నిమిషాలు. వారానికి ఆరు రోజులైతే ఏడాదికి 300 ఎపిసోడ్లు, అంటే వంద గంటల పైచిలుకు కథ కావాలి. నవలలో ఉన్న సరుకు మూడో నెలకే ఒడిసిపోతుంది. అప్పుడు నాయిక అత్తకు ఎక్కడినుంచో ఒక చెల్లెలు దిగుతుంది, ఆ చెల్లెలికి అమెరికా నుంచి ఒక కొడుకు దిగుతాడు. దీన్ని మేం ట్రాక్ అంటాం. దూరదర్శన్‌లో యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా వందల ఎపిసోడ్లు నడిచిన ‘ఋతురాగాలు’ నాటినుంచీ డైలీకి ఈ లెక్క తప్పలేదు.

ఇప్పుడు చివరికి రండి. నవలలో నాయకుడు పిరికివాడు. ఆమె వెళ్లిపోతుంటే నోరు మెదపడు, అదే నవల. టీవీలోనేమో నాలుగు వందల ఎపిసోడ్లలో అతను నలుగురు రౌడీలను తన్నాడు, కోర్టులో వాదించాడు, పెళ్లాం కోసం నిప్పులు తొక్కాడు. ఆ మనిషిని తెచ్చి చివరి రోజు గడపలో మౌనంగా నిలబెడితే చూసేవాళ్లు నవ్వుతారు. మధ్యభాగం మార్చినవాడికి ముగింపు ఉంచే అవకాశం ఉండదు. కాబట్టి నా మాట సూటిగా చెప్తాను: పది ఎపిసోడ్ల లోపు సిరీస్‌లో నవల ముగింపు మార్చాలనేవాడు గట్టి కారణం చూపాలి. డైలీలో మాత్రం, ఉంచాలనేవాడే కారణం చూపాలి.

ఇంకో సంగతి బయటివాళ్లకు తెలియదు. డైలీ ముగింపును చాలాసార్లు రచయిత నిర్ణయించడు. గురువారం రేటింగులు చూసి, ఆ స్లాట్ ఇంకో సీరియల్‌కు ఇస్తున్నాం, పదిహేను రోజుల్లో చుట్టేయమని చానెల్ నుంచి ఫోనొస్తుంది. ఆరు ట్రాకులు, పన్నెండు ఎపిసోడ్లు. విలన్‌కు శుక్రవారం పశ్చాత్తాపం, శనివారం శుభం. నవలా రచయిత్రి చివరి పేజీ కోసం ఆర్నెల్లు తన్నుకులాడి ఉండొచ్చు. ఆ సంగతి ఫోన్ చేసినాయనకు అక్కర్లేదు.

అపోహ: నవలకు న్యాయం చేయడమంటే చివరి పేజీని ఉన్నదున్నట్టు తీయడం.

దేశ విభజన నాటి అల్లర్ల మీద భీష్మ్ సాహ్ని రాసిన హిందీ నవల ‘తమస్’ చూడండి. తోళ్ల పని చేసుకునే నత్థూకు మురాద్ అలీ డబ్బిచ్చి పందిని చంపిస్తాడు. దాని కళేబరం మసీదు మెట్ల మీద తేలుతుంది, ఊళ్లు తగలబడతాయి. నవల చివర శాంతి కమిటీ బస్సు బయల్దేరుతుంది. అందులో కూర్చుని శాంతి నినాదాలిస్తున్నది అదే మురాద్ అలీ. అతన్ని గుర్తుపట్టగలిగిన నత్థూ అప్పటికే చచ్చిపోయాడు, ఆ చావు వార్త కూడా నవలలో దారిన పోతూ చెప్పినట్టు ఒక్క ముక్కలో వస్తుంది. చదివినవాడికి చేదు నాలుకమీదే ఉండిపోతుంది.

1988లో దూరదర్శన్‌కు తీసినప్పుడు గోవింద్ నిహలానీ బరువును నత్థూ భార్య కర్మో మీదికి జరిపారు. శరణార్థుల మధ్య ఆమెకు భర్త శవం కనబడటం, ఆ వెంటే కాన్పు, పసిబిడ్డ ఏడుపు. నవల ముగింపు ఇది కాదు. ఆ మార్పు నవలకు ద్రోహమా? భీష్మ్ సాహ్ని స్వయంగా అందులో హర్‌నామ్ సింగ్ వేషం వేశారు. నత్థూ దంపతుల ముఖాలను గంటలకొద్దీ దగ్గరనుంచి చూసిన ప్రేక్షకుడికి ఆ చావును ఒక్క వాక్యంలో చెప్పి బస్సెక్కిస్తే సరిపోదు. నిహలానీ దాన్ని పట్టుకున్నారు. అయినా మురాద్ అలీ ఉన్న బస్సే పెద్ద ముగింపని నాకనిపిస్తుంది. ఈ రెంటి మీదా మా తోటి రచయితలతో చాలా రాత్రులు పోట్లాడాను.

చిన్న ఉదాహరణ నా పనిలోదే చెప్తాను. నవల పేరొద్దు, ఇంకా తెరకెక్కలేదు. దేవరకొండ దిక్కు ఊళ్లో ఒకామె ఇల్లు విడిచిపోవాలని నిశ్చయించుకోవడంతో కథ ముగుస్తుంది. చివరి పేజీన్నర అంతా ఆమె మనసులో మాటలే. దాన్ని వాయిస్ ఓవర్‌లో చదివించమన్నారు. నేను రాసింది ఇదీ: తెల్లారగట్ల లేచి గోలెం నింపుతుంది, పొయ్యి మీద చాయ్‌కి నీళ్లు పెడుతుంది, బొడ్లో దోపుకున్న తాళంచెవుల గుత్తి తీసి దర్వాజ పక్కన గోడకు కొట్టిన మొలకు తగిలిస్తుంది, పోతుంది. ఒక్క మాట లేదు. కానీ ఆ గుత్తికి అర్థం ఉండాలంటే పెళ్లయి వచ్చిన కొత్తలో అత్త అదే మొల మీంచి తీసి కోడలి చేతిలో పెట్టాలి కదా. నవలలో ఆ సీన్ లేదు. చివరి పేజీని కాపాడటానికి మొదటి ఎపిసోడ్ మార్చాల్సొచ్చింది. మా పనిలో నమ్మకంగా ఉండటమంటే ఎక్కువసార్లు ఇట్లాగే ఉంటుంది.

అపోహ: ముగింపు తెలిసిపోతే ఎవరూ చూడరు, అందుకే మార్చాలి.

ఒగ్గుకథ పుట్టిన నేల మనది, మనమే ఈ మాట అనొద్దు. మల్లన్న మేడలమ్మను పెండ్లాడతాడని పిల్లగాండ్లకు కూడా తెలుసు. అయినా డోలు మోగితే తెల్లారేదాకా కదలరు. తెలంగాణ సాయుధ పోరాటం మీద కిషన్ చందర్ ఉర్దూలో రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ మొదలయ్యేదే రాఘవరావును ఉరితీయబోయే ముందు రాత్రి జైల్లో. పొద్దున ఏం జరుగుతుందో పాఠకుడికి ముందే తెలుసు. ఎందుకు, ఎలా అన్నదే చదివిస్తుంది. గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ సినిమాకు ఆధారం ఆ నవలే.

‘ట్విస్ట్’ కోసమే ముగింపు మార్చే సిరీస్‌లో చెప్పడానికి మరేమీ లేదని నా అనుమానం.

అపోహ: విషాదాంతం ఇంట్లో ఆడవాళ్లు చూడరు.

చానెల్ మీటింగుల్లో నూరుసార్లు విన్న మాట. 1953లో ‘దేవదాసు’ పార్వతి ఇంటి ముందు కళ్లు మూస్తే మన ఆడవాళ్లు థియేటర్లకు మళ్లీ మళ్లీ పోయారు. యండమూరి ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో నాయిక చనిపోతుంది, ఆ నవలను ఇప్పటికీ కొని చదువుతున్నారు. మా పెద్దమ్మ రోజూ నాలుగు సీరియళ్లు చూస్తుంది. ఒక పాత్ర చావు గురించి ఆమెనడిగితే, “సచ్చుడు గాదు బిడ్డా, ఊకెనే సంపిండ్రు, గదీ నచ్చలే” అన్నది. నటి డేట్లు కుదరక చంపిన పాత్ర అది. ఆ సంగతి ఆమెకు నేను చెప్పలేదు.

అపోహ: నవల పూర్తికాకపోతే ముగింపు సమస్యే లేదు, మనిష్టం.

ఇంగ్లీష్ సిరీస్ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ 2011లో మొదలైంది, దానికి ఆధారమైన నవలల వరుసలో అయిదో పుస్తకం వచ్చిందీ అదే ఏడు. 2019లో సిరీస్ ముగిసే నాటికి ఆరో పుస్తకం రాలేదు. రచయిత మార్టిన్ ముఖ్యమైన మలుపులు ముందే చెప్పి ఉన్నా జనం తిట్టిపోశారు. గమ్యాన్ని తిట్టినవాళ్లకన్నా పరుగును తిట్టినవాళ్లే ఎక్కువ. సీజన్‌కు పది ఎపిసోడ్లతో నింపాదిగా నడిచిన కథను చివరి రెండు సీజన్లలో ఏడు, ఆరు ఎపిసోడ్లకు కుదించారు. ఓపికగా మలిచిన రాణి రెండు వారాల్లో వేరే మనిషైపోయింది. పైన చెప్పిన పిరికి నాయకుడి ఇబ్బందే ఇదీ, తిరగేసి చూస్తే.

మన దగ్గరే ఒకటుంది. మా జిల్లావాడే వట్టికోట ఆళ్వారుస్వామి. ‘ప్రజల మనిషి’ నవల తర్వాత ఆయన రాస్తున్న ‘గంగు’ 1961లో ఆయన పోవడంతో అసంపూర్తిగా మిగిలింది. దాన్ని సిరీస్‌గా తీయాలని ఎవరైనా అడిగితే మిగిలిన కథ నేను అల్లను. ఆయన ఆపిన చోటే ఆపి, ఆ విషయం తెరమీద వేస్తాను. ఒప్పుకోని నిర్మాతకు ఇంకో రచయిత దొరుకుతాడు, ఇబ్బంది లేదు.

అపోహ: హక్కులు కొనేశాం, ఇక ఏం చేసినా మాదే.

కాదు. కాపీరైట్ చట్టం, 1957లో 57వ సెక్షన్ ఉంది. హక్కులు రాసిచ్చాక కూడా, తన పరువు దెబ్బతినేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు రచయితకు మిగులుతుంది. రచయిత తర్వాత వారసులు కూడా అడగొచ్చు. మన్నూ భండారీ ‘ఆప్‌కా బంటీ’ నవలను ‘సమయ్ కీ ధారా’ పేరుతో సినిమా తీసినప్పుడు 1986లో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షన్‌నే చర్చించింది. తెరకు అవసరమైన మార్పులు తప్పవు, కానీ రచన రూపమే చెడిపోకూడదు అన్నది దాని సారం. ముగింపు మార్చినంత మాత్రాన కేసు నిలుస్తుందని అనుకోవద్దు. అలాగని నిర్మాతకు పూర్తి అభయం కూడా లేదు.

నవల అమ్ముకునే రచయితలకు, వాళ్ల పిల్లలకు నేను చెప్పేది ఇంతే. ఎన్ని ఎపిసోడ్లు అన్నది అగ్రిమెంట్‌లో రాయించండి. ముగింపు ఒక పేజీలో రాసి దానికి జతచేయించండి. రెండో సీజన్ సంగతి విడిగా అడగండి. మార్గరెట్ అట్‌వుడ్ ఇంగ్లీష్ నవల ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ మీద తీసిన సిరీస్ 2017లో మొదటి సీజన్‌తోనే నవల ముగిసిన చోటికి చేరింది. నవల చివర నాయిక ఎక్కిన వ్యాన్ ఎటు పోయిందో చెప్పకుండా వదిలేసినదాన్ని సిరీస్ ఆరు సీజన్లు నడిపి 2025లో ఆపింది. మన దగ్గర అయితే నవల అయిపోయాక వచ్చే అట్లాంటి అయిదు సీజన్ల కథ ఎవరు రాస్తారు, నవల పేరే దానికి వాడతారా, వాడితే ఎంతిస్తారు అన్నవి కాగితం మీద లేకుండానే సంతకాలవుతున్నాయి.