బిళ్ల తగిలించింది ఎవరు?

ఉద్యోగులు నల్ల బ్యాడ్జీలతో విధులకు హాజరయ్యారన్న వార్త తెలుగు పత్రికల్లో తరచూ కనబడుతుంది. ఆటో నడిపేవాళ్లను అడగండి, లైసెన్సుతో పాటు బ్యాడ్జి ఉందా లేదా అన్నది వాళ్లకు పెద్ద విషయం. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి గేటు దగ్గర యంత్రానికి తాకించే మెడలోని కార్డూ బ్యాడ్జే. ఫోను తెరమీద ఇన్ని సందేశాలు చదవలేదని గుర్తుచేసే ఎర్ర చుక్కను కూడా దాన్ని తయారుచేసేవాళ్లు బ్యాడ్జ్ అనే అంటారు. నిరసనకూ, అనుమతికీ, హాజరుకూ, బాకీ పడ్డ సందేశాలకూ ఒకే మాట ఎలా సరిపోయిందో తెలియాలంటే ఆరు వందల ఏళ్ల వెనక్కి, ఇంగ్లండు ప్రభువుల కోటల్లోకి వెళ్లాలి.

ఈ మాట 14వ శతాబ్దం నుంచి ఆంగ్లంలో ఉంది. దాని పుట్టుక ఏమిటో నిఘంటుకారులు ఇప్పటికీ తేల్చలేదు. అప్పటి అర్థంలో మాత్రం సందేహం లేదు: వీడు ఫలానా దొర మనిషి. వంశ చిహ్నం దొరదీ, దొర కుటుంబానిదీ. దాన్ని నౌకరు ధరించకూడదు. నౌకర్లకూ, సైనికులకూ, అనుచరులకూ ఇచ్చేది బ్యాడ్జి. ఒకరిది హంస, ఇంకొకరిది ఎలుగుబంటి.

ఈ బిళ్లల పిచ్చి అందరికన్నా ముదిరినవాడు రాజు రెండో రిచర్డ్. మెడలో బంగారు కిరీటం, దానికి గొలుసు ఉన్న తెల్ల దుప్పి ఆయన గుర్తు. 1390లో లండన్ స్మిత్‌ఫీల్డ్ మైదానంలో జరిగిన వీరక్రీడల్లో దాన్ని పంచిపెట్టాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో విల్టన్ డిప్టిక్ అనే రెండు పలకల చిత్రం ఉంది. ఒక పలక మీద రాజు మోకరిల్లి ఉంటాడు. రెండో పలక మీద బాల యేసును ఎత్తుకున్న మరియమ్మ, ఆమె చుట్టూ నీలి దుస్తుల్లో పదకొండు మంది దేవదూతలు. దగ్గరికి వెళ్లి చూస్తే ప్రతి దేవదూత ఛాతీ మీదా తెల్ల దుప్పి బిళ్ల! స్వర్గంలో కూడా తన మనుషులే ఉన్నారని చెప్పుకోవడానికి ఎంత ధీమా కావాలి?

భూమ్మీద ఉన్నవాళ్లకు అది ముచ్చటగా అనిపించలేదు. స్మిత్‌ఫీల్డ్ పంపకానికి రెండేళ్ల ముందే, 1388లో కేంబ్రిడ్జిలో కూడిన పార్లమెంటులో సామాన్యుల సభ ఇదే గోడు వినిపించింది. దొరల బిళ్లలు తగిలించుకున్నవాళ్లు ఆ అండ చూసుకుని పల్లెల్లో జనాన్ని పీడిస్తున్నారని వాళ్ల ఫిర్యాదు. మన దగ్గర ఈ బాధ తెలియనిది కాదు. కచేరీలో ఇత్తడి బిళ్ల పెట్టుకుని తిరిగిన నౌకరుకు తెలుగువాళ్లు పెట్టిన పేరు బిళ్ల బంట్రోతు. హిందుస్తానీ చప్రాసీ కూడా అలా పుట్టినదే, చప్రాస్ అంటే ఆ బిళ్లే. బంట్రోతు జీతం ఎంత తక్కువైనా ఊరు అతనికి దారి ఇచ్చేది. ఆ మర్యాద మనిషికి కాదు, ఇత్తడికి. బ్యాడ్జికి తెలుగేమిటని తడుముకునేవాళ్లు చిహ్నం, లాంఛనం అంటూ సంస్కృతం వైపు చూస్తారు గానీ ఇంత సూటైన మాట ఇంట్లోనే ఉంది.

లాంఛనం అన్నాను కాబట్టి ఒక ముచ్చట. వరాహ లాంఛనం అనగానే మనకు చాళుక్యులు, విజయనగర ప్రభువులు గుర్తుకొస్తారు. ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్‌ది కూడా వరాహమే, తెల్లది. 1483లో కొడుకును యువరాజుగా ప్రకటించే వేడుక కోసం ముతక బట్ట మీద పంది బొమ్మతో 13,000 బ్యాడ్జీలు చేయించాడు. రెండేళ్లకే బాస్‌వర్త్ యుద్ధంలో చచ్చిపోయాడు.

ఫలానావాడి మనిషి అని చెప్పే గుర్తు ఎవరికీ చెందకూడని మనిషిని వేరుచేసి చూపడానికీ పనికొస్తుంది. 1275లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ చట్టం ఏడేళ్లు దాటిన ప్రతి యూదుడూ బట్టల మీద పసుపు గుడ్డ ముక్క కుట్టుకోవాలంది. 1290లో వాళ్లను దేశం నుంచే వెళ్లగొట్టారు. 1697 నాటి చట్టం పేదల వంతు. చర్చి పరగణా నుంచి భత్యం తీసుకునేవాళ్లు, వాళ్ల భార్యాబిడ్డలు కుడి భుజం మీద ఎర్ర గుడ్డతోనో నీలి గుడ్డతోనో ‘పి’ అక్షరం, పక్కన ఊరి పేరులోని మొదటి అక్షరం పెట్టుకోవాలి. పి అంటే పాపర్, బిచ్చానికి దిగినవాడు. పెట్టుకోకపోతే భత్యం కోత, లేదా కొరడా దెబ్బలు. ఈ చట్టం 1810 దాకా పుస్తకాల్లో ఉంది. పేదలను ‘బ్యాడ్జ్ చేయడం’ అని క్రియాపదంగానే వాడేవారు.

అవమానపు బిళ్లను తిప్పికొట్టిన ఘట్టాల్లో నాకు బాగా నచ్చేది 1909 నాటిది. ఓటు హక్కు కోసం పోరాడి లండన్ హాలోవే జైలుకు వెళ్లిన స్త్రీలకు వాళ్ల సంఘం ఒక వెండి బిళ్ల ఇచ్చింది. దాని రూపకల్పన ఆ ఉద్యమకారిణి సిల్వియా పాంక్‌హర్స్ట్‌ది. పార్లమెంటు గుర్తయిన ఇనుప ఊచల కోటద్వారం, దాని మీద ఊదా, తెలుపు, ఆకుపచ్చ రంగుల్లో ఒక బాణం. ఆ బాణం ఖైదీల దుస్తుల మీద ప్రభుత్వం అచ్చువేసే ముద్ర. జైలు వేసిన మచ్చను నగగా చేసి రొమ్ముకు గుచ్చుకున్నారన్నమాట. ఆంగ్లంలో ‘బ్యాడ్జ్ ఆఫ్ ఆనర్’ అన్న పలుకుబడికి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం లేదు. మన అనువాదాల్లో దీన్ని ‘విమర్శలను గౌరవ చిహ్నంగా ధరించాడు’ అని రాస్తుంటారు. తిట్టును బిరుదుగా తగిలించుకున్నాడంటే పోయేదేముంది?

న్యాయవాదుల ఆంగ్లంలో బ్యాడ్జిని ఎవరూ తగిలించరు, మనిషి చేష్టలే తగిలిస్తాయి. 1601 నాటి ట్వైన్ కేసులో పియర్స్ అనేవాడు ఇద్దరికి బాకీ. ఒకడు దావా వేయగానే ఉన్న ఆస్తంతా రెండోవాడైన ట్వైన్‌కు గుట్టుగా రాసిచ్చాడు. రాసిచ్చాక కూడా గొర్రెలు తన దగ్గరే ఉన్నాయి, వాటి ఉన్ని తనే కత్తిరించుకున్నాడు, పైగా వాటి మీద తన ముద్రే వేశాడు! కోర్టు ఇవన్నీ మోసానికి గుర్తులంది. అలాంటి లక్షణాలకు ‘బ్యాడ్జెస్ ఆఫ్ ఫ్రాడ్’ అన్న పేరు స్థిరపడింది. ఒక లావాదేవీ వ్యాపారమా కాదా అని తేల్చడానికి 1955లో బ్రిటన్ రాయల్ కమిషన్ చెప్పిన ఆరు లక్షణాలను పన్నుల నిపుణులు ‘బ్యాడ్జెస్ ఆఫ్ ట్రేడ్’ అంటారు.

సముద్రం దాటితే అర్థం మళ్లీ జరుగుతుంది. చొక్కాకు గుచ్చుకునే రేకు బిళ్ల బ్రిటన్‌లో బ్యాడ్జ్, అమెరికాలో బటన్. అమెరికాలో బ్యాడ్జ్ అంటే ముందుగా తోచేది పోలీసు లోహపు బిళ్ల. బ్రిటన్ పోలీసు తానెవరో చెప్పడానికి చూపేది వారంట్ కార్డు. బ్రిటన్‌లో ‘బ్లూ బ్యాడ్జ్’ ఉందంటే వికలాంగులకు కేటాయించిన చోట కారు నిలపవచ్చని. కార్ల వాళ్లకు బ్యాడ్జి బండి ముందుండే కంపెనీ గుర్తు. అది మాత్రం మార్చి అదే బండిని ఇంకో పేరుతో అమ్మితే ‘బ్యాడ్జ్ ఇంజినీరింగ్’. మారుతి బాలెనో 2019లో టయోటా గ్లాంజాగా వచ్చింది అలాగే.

కార్యాలయాల్లో ఈ మాట మళ్లీ క్రియ అయింది. ‘బ్యాడ్జ్ ఇన్’ అంటే కార్డు తాకించి లోపలికి వెళ్లడం. కరోనా తర్వాత ఆఫీసుకు రమ్మని సంస్థలు పట్టుబట్టాక 2023 ప్రాంతంలో ‘కాఫీ బ్యాడ్జింగ్’ వచ్చింది: వెళ్లి కార్డు తాకించి, నలుగురి కంటా పడి, ఒక కాఫీ తాగి ఇంటికి వచ్చేయడం. బిళ్ల హాజరు, మనిషి గైరుహాజరు. దాంతో కొన్ని సంస్థలు బయటికి వెళ్లేటప్పుడు కూడా కార్డు తాకించమంటున్నాయి.