స్కాండినేవియా సినిమాల్లో ఇంటిపోరు

స్వీడన్, డెన్మార్క్, నార్వే సినిమాలు చూడటం మొదలుపెట్టిన ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. అంత సుఖంగా బతికే దేశాల్లో, సినిమాల్లోని మొగుడూ పెళ్లాలు, తల్లీ కూతుళ్లు ఇలా మాటలతో పొడుచుకుంటారేంటి? చలి, చీకటి వల్ల అని తేల్చేసేవాళ్లున్నారు. నాకు ఆ జవాబు ఆనదు. చలి రష్యాలోనూ ఉంది. ఈ ఇంటిపోరు పుట్టుకను తేదీతో సహా చెప్పొచ్చు.

1879 డిసెంబరు 21న కోపెన్‌హాగెన్ రాయల్ థియేటర్‌లో నార్వే నాటకకర్త హెన్రిక్ ఇబ్సెన్ 'బొమ్మరిల్లు' తొలిసారి ఆడింది. భర్త సమ్మతి లేకుండా భార్యకు అప్పు పుట్టని రోజులవి. భర్త ప్రాణం నిలబెట్టడానికి నాటకంలోని భార్య నోరా తన తండ్రి సంతకం తానే పెట్టి డబ్బు తెచ్చింది. గుట్టు బయటపడ్డాక ఆయనగారికి ముందు గుర్తొచ్చింది తన పరువు. నోరా ముగ్గురు పిల్లల్ని వదిలి, తలుపు వేసి వెళ్లిపోయింది. ఆ పాత్ర నటించాల్సిన జర్మన్ నటి పిల్లల్ని వదిలే ముగింపు తన వల్ల కాదని మొండికేస్తే, వేరేవాళ్లు చెయ్యిపెట్టే లోపు ఇబ్సెన్ తానే ముగింపు మార్చి రాసిచ్చాడు. అది నాటకం మీద అనాగరిక దాడి అని తిట్టింది కూడా ఆయనే!

తొమ్మిదేళ్ల తర్వాత స్వీడన్ నాటకకర్త స్ట్రిండ్‌బెర్గ్ ఆ పోరును వంటగదిలోకి దించాడు. 'మిస్ జూలీ'లో జమీందారు కూతురికీ నౌకరుకూ మధ్య ఒక్క రాత్రిలో పైచేయి అటూ ఇటూ మారుతుంది. జమీందారు మాత్రం రంగం మీదికి రాడు. ఆయన బూట్లు ఉంటాయి, గంట ఉంటుంది. గంట మోగగానే అంతదాకా మగరాయుడిలా నిలబడ్డ నౌకరు ముడుచుకుపోతాడు. స్వీడన్ దర్శకుడు ఆల్ఫ్ ష్యోబెర్గ్ దీన్ని సినిమా తీస్తే 1951లో కాన్స్ చిత్రోత్సవం పెద్ద బహుమతి దక్కించుకున్న రెండింటిలో ఒకటైంది.

మాటలే లేని సినిమాలోనూ ఇంటిపోరు చూపించవచ్చని అప్పటికే ఒకాయన రుజువు చేశాడు. డెన్మార్క్ దర్శకుడు కార్ల్ డ్రయ్యర్ 1925లో తీసిన మూకీలో కథంతా దాదాపు ఓ చిన్న ఇంట్లోనే. దానికోసం నీళ్లు, గ్యాస్ వచ్చే నిజం ఇల్లు లాంటిదే స్టూడియోలో కట్టించాడు. వ్యాపారం దెబ్బతిన్న భర్త రొట్టె మీద వెన్న చాల్లేదని విసుక్కుంటాడు. భార్య తన రొట్టె మీది వెన్నే గీకి అతనికి రాస్తుంది. ఆ ఇంటి లెక్కంతా ఆ ఒక్క పనిలో తేలిపోతుంది. కొడుకును మూల నిలబెట్టిన ఆ మొగుణ్ణి చివరికి ముసలి దాది అదే మూలలో నిలబెడుతుంది.

తర్వాత వచ్చినవాడు స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్. 1973 ఏప్రిల్, మే నెలల్లో స్వీడన్ టీవీలో ఆరు వారాలు వచ్చిన 'ఒక వివాహంలోని దృశ్యాలు' ఒక పత్రిక ఇంటర్వ్యూతో మొదలవుతుంది. భర్త యోహాన్ తన గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పుకుంటాడు. మారియాన్ వంతు వచ్చేసరికి, యోహాన్ భార్యను, ఇద్దరు కూతుళ్లు అన్న తర్వాత ఆమెకు మాట తోచదు. ఆమె విడాకుల కేసులు చూసే లాయరు! ఈ సీరియల్ వల్లే స్వీడన్‌లో విడాకులు పెరిగాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. తప్పు ఎవరిదో తేల్చక్కర్లేకుండా విడాకులిచ్చే చట్టం 1974 జనవరిలో అమల్లోకి వచ్చిన సంగతి ఆ కథలో జారిపోతుంది. నోరా తలుపును చట్టమే తెరుస్తున్న రోజులవి. బెర్గ్‌మన్‌కు మిగిలిన ప్రశ్న వేరు: తలుపు తెరిచే ఉన్నా మనుషులు ఒకరినొకరు ఎందుకు వదలరు?

1976 జనవరి చివర్లో స్టాక్‌హోమ్‌లో స్ట్రిండ్‌బెర్గ్ నాటకం రిహార్సల్‌లో ఉండగా, పన్ను కేసని పోలీసులొచ్చి బెర్గ్‌మన్‌ను తీసుకెళ్లారు. తర్వాత కేసు నిలవలేదు గానీ ఆయన అలిగి దేశం వదిలాడు. 'శరత్కాల సొనాటా' (1978) నార్వేలో తీసింది అందుకే. అందులో కూతురు ఈవా, పేరుమోసిన పియానిస్టు అయిన తల్లి ముందు షోపాన్ రాసిన చిన్న పియానో ముక్క, ప్రెల్యూడ్ ఒకటి తడబడుతూ వాయిస్తుంది. తల్లి మొహంలో జాలి, విసుగు, సిగ్గు ఒకటి వెనక ఒకటి. తర్వాత ఆమె కూర్చుని అదే ముక్క ఎలా వాయించాలో చూపిస్తుంది. ఇప్పుడు కెమెరా కూతురి మొహం మీద. చెయ్యెత్తి కొట్టడం లేదు, గొంతు పెంచడం లేదు. ఇంతకంటే క్రూరమైన పాఠం సినిమాల్లో నేను చూడలేదు.

తల్లిదండ్రులు పిల్లల్ని కొట్టకూడదని 1979లో ప్రపంచంలోనే మొదట చట్టం చేసింది స్వీడన్. మూడేళ్లకు 'ఫానీ, అలెగ్జాండర్'లో బెర్గ్‌మన్ ఓ బిషప్పును చూపించాడు. సవతి కొడుక్కి బెత్తం, ఆముదం, చీకటి గది, వీటిలో శిక్ష నువ్వే ఎంచుకోమంటాడు. బెర్గ్‌మన్ తండ్రీ మతగురువే.

1995లో డెన్మార్క్ కుర్రాళ్లు లార్స్ ఫాన్ ట్రియర్, థామస్ వింటర్‌బర్గ్ 'డాగ్మా' పేరుతో పది నియమాలు ప్రకటించారు. కెమెరా చేతిలోనే ఉండాలి, అదనపు లైట్లు వద్దు. దాని తొలి పంట వింటర్‌బర్గ్ 'ఫెస్టెన్' (1998). తండ్రి అరవయ్యో పుట్టినరోజు విందు. పెద్ద కొడుకు రెండు కాగితాలు చూపించి ఏ రంగుది చదవమంటావంటే తండ్రి ఆకుపచ్చది ఎంచుకుంటాడు. చిన్నప్పుడు తననూ, చనిపోయిన కవల చెల్లెల్నీ తండ్రి ఏం చేశాడో అందులో ఉంది. చదివాక చుట్టాలు ఏం చేస్తారు? కాసేపు తెల్లబోయి మళ్లీ భోజనంలో పడతారు. నలుగురిలో పరువు అన్న మాట అర్థం చెప్పించుకోనక్కర్లేని మనకు ఆ నిశ్శబ్దం బాగానే తెలుసు.

ఇక స్వీడన్ దర్శకుడు రూబెన్ ఓస్ట్లండ్ సినిమా 'ఫోర్స్ మజ్యూర్' (2014) కాలానికి భర్తకు చట్టం ఇచ్చిన పెత్తనమేదీ లేదు. ఫ్రాన్స్ ఆల్ప్స్‌లో మంచు విరుచుకుపడుతుంటే అతను ఫోన్ అందుకుని పరిగెత్తాడు, భార్య పిల్లల్ని పొదువుకుంది. పొగలా లేచిన మంచు తగ్గాక వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత గొడవంతా పరిగెత్తావా లేదా అన్న ఒక్క మాట మీదే.

2024లో కాన్స్‌లో తొలి చిత్ర దర్శకుడి బహుమతి 'ఆర్మాండ్' అనే నార్వే సినిమాకు వచ్చింది. ఆరేళ్ల పిల్లాడి మీద వచ్చిన ఫిర్యాదు, బడిలో ఎదురెదురుగా కూర్చున్న తల్లిదండ్రులు. దర్శకుడు హాల్ఫ్‌డాన్ ఉల్మన్ టోండెల్. మారియాన్‌గా, ఈవాగా నటించిన లివ్ ఉల్మన్‌కూ బెర్గ్‌మన్‌కూ మనవడు.