రాయిని కరిగించి కొలవడం

బెంగళూరు

చిరంజీవులకు ఆశీస్సులు.

లాల్‌బాగ్ గుట్ట లావాయేనా అని అడిగారు. కాదర్రా. అది నైస్ (gneiss) అనే రాయి, భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ రూపు మారినది, దాదాపు 300 కోట్ల ఏళ్ల కిందటిది. లావా గడ్డకట్టిన రాయి కావాలంటే దక్కన్ బసాల్టు చూడాలి. లావా ఎంత జిగటగా ఉంటుందో కొలవడానికి ల్యాబులో కరిగించేదీ ఎక్కువగా అలాంటిదే.

బసాల్టును మెత్తగా నూరి, ప్లాటినం మూసలో, అంటే కరిగించే గిన్నెలో పోసి, కరెంటు కొలిమిలో 1400 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు. కరిగాక ఇనుప పలక మీద పోస్తే నల్లటి గాజవుతుంది. దాన్ని మళ్లీ దంచి మళ్లీ కరిగిస్తారు, లేకపోతే బుడగలు పోవు, అంతా ఒకేలా కలవదు. చిక్కంతా మూసతోనే. ప్లాటినం రాతిలోని ఇనుమును లాగేసుకుంటుంది. పోనీ అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు) మూస వాడదామంటే, అదే కాస్త కరిగి రాతిలో కలుస్తుంది. అందుకే చివర్లో గాజును మళ్లీ పరీక్షించి, మిగిలిందేమిటో చూడకుండా ఏ అంకెనూ నమ్మకూడదు.

జిగట కొలవడానికి కరిగిన రాతిలో ఒక కడ్డీని ముంచి తిప్పుతారు. తిప్పడానికి ఎంత బలం పట్టిందో చూసి లెక్క కడతారు. 1200 డిగ్రీల దగ్గర బసాల్టు జిగట సుమారు 10 నుంచి 100 పాస్కల్ సెకన్లు (జిగటను కొలిచే ప్రమాణం అది), అంటే నీటికి కనీసం పదివేల రెట్లు. అదే వేడిలో, నీరు లేని రయోలైటు అనే మరో రకం లావా రాయి బసాల్టు కన్నా వెయ్యి రెట్లకు పైగా జిగట. కారణం సిలికా, అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం. బసాల్టులో అది 50 శాతం చుట్టుపక్కల, రయోలైటులో 70 దాటుతుంది. ప్రతి సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు ఉంటాయి, వాటిని పక్క సిలికాన్లూ పంచుకుంటే వల అల్లుకుంటుంది. సోడియం, కాల్షియం, మెగ్నీషియం ఆ వలను అక్కడక్కడ తెంపుతాయి. నీరూ తెంపుతుంది, కానీ మామూలు గాలి ఒత్తిడిలో అది ఆవిరై పోతుంది కాబట్టి మూసిన గొట్టంలో, ఒత్తిడి పెట్టి చేయాలి.

వేడి తగ్గిస్తూ కొలిచేటప్పుడు స్ఫటికాలు పుడితే, పలుకులు పడ్డ పాకంలా కడ్డీ బరువెక్కుతుంది. వచ్చిన అంకె అప్పుడు ద్రవానిది కాదు, ముద్దది. గబుక్కున చల్లార్చి మైక్రోస్కోపులో చూస్తే దొంగ దొరుకుతాడు.

ఇందాక చెప్పిన సిలికాన్, ఆక్సిజన్ల వలను చూడటానికి రామన్ పద్ధతి ఉంది. సి.వి.రామన్ 1928లో కలకత్తాలో కనిపెట్టిందే, మన ఊళ్లో ఆయన పేరిట సంస్థ కూడా ఉంది. లేజరు వెలుగు వేస్తే, తిరిగొచ్చే కాంతిలో ఆ బంధాల కదలికలు కనిపిస్తాయి. అయితే చల్లారిన గాజు చూపేది 1400 డిగ్రీల నాటి అమరిక కాదు, చల్లారుతూ బిగుసుకుపోయిన క్షణానిది. వేడి మీదే చూడాలంటే, రాయి సొంత ఎర్రటి వెలుగు ఆ సన్నటి కాంతిని ముంచేస్తుంది. అందుకే ఎరుపు లేజరు మాని నీలమో ఊదానో వాడతారు.

ఇట్లు,
మీ తాతయ్య