పత్తి గింజలు తిన్న గేదె నెయ్యి ఎందుకు గట్టిపడుతుంది?

చలికాలం ఉదయం సీసాలో పేరుకున్న గేదె నెయ్యిని చెంచాతో తీస్తే, ఒక్కోసారి పెద్ద పెద్ద పూసలతో గట్టిగా వస్తుంది. ఒక్కోసారి అదే గేదె వెన్న కాచిన నెయ్యి మెత్తగా ఉండి, వేలికి తగలగానే కరుగుతుంది. కాచిన తీరూ చల్లార్చిన తీరూ ఇందుకు కొంత కారణమే అయినా, గేదె తిన్న మేతకు కూడా ఇందులో పెద్ద పాత్రే ఉంది.

గేదె పాలలో సాధారణంగా 6 నుంచి 8 శాతం వెన్న ఉంటుంది. పాల కేంద్రంలో ధర కట్టేది ప్రధానంగా ఆ శాతాన్ని చూసే కాబట్టి రైతు దృష్టంతా దాని మీదే ఉంటుంది. ఆ వెన్నలో ఏ రకం కొవ్వులున్నాయన్నది కూడా అంతే శ్రద్ధగా అడగవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం.

గేదె తిన్న నూనె నేరుగా పాలలోకి రాదు. ముందుగా అది పెద్ద పొట్టలోని సూక్ష్మజీవుల చేతిలో పడుతుంది. ఆ సూక్ష్మజీవులే గడ్డిలోని పీచును పులియబెట్టి ఎసిటిక్, బ్యూటిరిక్ ఆమ్లాలను తయారు చేస్తాయి. రక్తం ద్వారా అందిన ఈ ముడిసరుకుతో పొదుగు పొట్టి, మధ్యస్థ గొలుసుల కొవ్వు ఆమ్లాలను అల్లుకుంటుంది. పాల కొవ్వులో దాదాపు సగం ఇలా పుట్టినదే. అందుకే వరిగడ్డి, చొప్ప బాగా తగ్గించి దాణా మరీ పెంచితే, పాలు పెరిగినా వెన్న శాతం పడిపోవచ్చు.

మిగిలిన సగం మేతలోని నూనెల నుంచీ, ఒంటిలో నిల్వ ఉన్న కొవ్వు నుంచీ వస్తుంది. పచ్చిగడ్డిలో లినోలెనిక్ ఆమ్లం, తవుడులో లినోలిక్ ఆమ్లం ఉంటాయి. రెండూ గట్టిపడకుండా నూనెలా ఉండే అసంతృప్త ఆమ్లాలే అయినా, సూక్ష్మజీవులు వాటికి హైడ్రోజన్ జోడించి చాలావరకు గట్టి స్టియరిక్ ఆమ్లంగా మార్చేస్తాయి. ఆ మార్పు పూర్తికాకుండా మధ్యలో తప్పించుకున్న వ్యాక్సెనిక్ ఆమ్లాన్ని పొదుగులోని ఒక ఎంజైము రూమెనిక్ ఆమ్లంగా మారుస్తుంది. పిల్లిపెసర, జనుము వంటి పచ్చిమేత సమృద్ధిగా దొరికే రోజుల్లో ఈ ఆమ్లం పాలలో పెరుగుతుంది.

పొదుగులోని ఆ ఎంజైముకు మరో పని కూడా ఉంది. స్టియరిక్ ఆమ్లంలో కొంత భాగాన్ని మెత్తని ఒలియిక్ ఆమ్లంగా మార్చి, వెన్న మరీ గట్టిపడకుండా చూసేది అదే. పత్తి గింజల్లో ఉండే సైక్లోప్రొపీన్ ఆమ్లాలు దాని పనికి అడ్డుపడతాయి. దాంతో స్టియరిక్ ఆమ్లం అలాగే మిగిలిపోయి, నెయ్యి ఆలస్యంగా కరుగుతుంది, పూస పెద్దదవుతుంది.

ఇది నాణ్యత పరీక్షల్లోనూ బయటపడుతుంది. పొట్టి గొలుసు ఆమ్లాలను కొలిచే రైకర్ట్-మీసెల్ సంఖ్య, మామూలు నెయ్యికి ప్రభుత్వ నాణ్యత ముద్ర అయిన ఆగ్‌మార్క్ ప్రకారం కనీసం 28 ఉండాలి. పత్తి గింజలు ఎక్కువగా మేపే ప్రాంతాల్లో కల్తీ లేని నెయ్యికీ అంత రాదు కనుక ఆ ప్రాంతాలకు తక్కువ పరిమితి పెట్టారు. పత్తి నూనె కల్తీని పట్టే హాల్ఫెన్ పరీక్షలో కూడా ఇలాంటి నెయ్యికి ఎరుపు రంగు రావచ్చు. నిజాయితీగా అమ్మే రైతు మీద అనుమానం పడకుండా ఉండాలంటే పరీక్ష చేసేవారికి గేదె మేత సంగతి తెలిసి ఉండాలి.

మేత మార్చిన కొద్ది వారాలకే పాల కొవ్వు కూడా మారుతుంది. అయితే ఆ మార్పును రంగులో వెతికి లాభం లేదు. పచ్చిగడ్డి తిన్న ఆవు వెన్న పసుపెక్కుతుంది కానీ, గేదె ఆ పసుపునిచ్చే కెరోటిన్‌ను విటమిన్ ఎ గా మార్చేసుకుంటుంది. వెన్న ఎప్పటిలా తెల్లగానే ఉంటుంది. తేడా తెలియాలంటే చెంచాలోని పూసనే చూడాలి.